పురుగుమందు కొట్టే కూలీకి విషం ఎక్కకుండా ఉండాలంటే: మాస్కు కంటే ముందు చూడాల్సినవి

ఖమ్మం వైపు ఆరెకరాల్లో మిరప, పత్తి వేసిన ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్తాను. "మా చేలో మందు కొట్టే కుర్రాడికి మొన్న సాయంత్రం తల తిరిగి వాంతులయ్యాయి. పాలు తాగించి పడుకోబెట్టాం. పొద్దున్నకి తేరుకున్నాడు. షాపాయన మంచి మాస్కు కొనిపెట్టమన్నాడు. ఏది కొనాలి? పాలు నిజంగా విరుగుడేనా? డ్రోన్ పెట్టిస్తే ఈ గొడవే ఉండదంటున్నారు, నిజమేనా?"

నేను వ్యవసాయ శాఖలో పత్తి, మిరప ప్రాంతాల్లోనే ఎక్కువ సర్వీసు చేసి రిటైరయ్యాను. మాస్కు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కుర్రాడి సంగతి. తేరుకున్నాడు కదా అని ఈ వారమే మళ్ళీ పంపు భుజానికి ఎత్తించకండి. కారణం చెప్తాను.

మన చేలల్లో ఎక్కువగా వాడే ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్, డైమిథోయేట్ లాంటివన్నీ ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. నరం నుంచి కండరానికి, గ్రంథికి కబురు అందించే పదార్థం ఒకటి ఉంటుంది. కబురు అందాక దాన్ని వెంటనే తుడిచేసే ఎంజైము కోలినెస్టరేజ్. ఈ మందులు ఆ ఎంజైమును పట్టేస్తాయి. దాంతో కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. నోట్లో ఊట, కంట్లో నీళ్ళు, చెమట, కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, చివరికి ఊపిరి అందకపోవడం, అన్నీ దీనివల్లే. మనిషి ఒక రాత్రిలో తేరుకున్నట్టు కనిపిస్తాడు కానీ ఎర్రరక్తకణాల్లో ఆ ఎంజైము మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు. ఆలోపు మళ్ళీ మందు కొడితే, మొదటిసారి తట్టుకున్న దానికంటే తక్కువ మోతాదుకే పడిపోతాడు. "రోజూ కొట్టేవాడే, ఇవాళే ఇలా అయింది" అని మనవాళ్ళు ఆశ్చర్యపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. కొద్దికొద్దిగా పేరుకున్నది ఒకరోజు బయటపడుతుంది. కోలినెస్టరేజ్ రక్తపరీక్ష పెద్ద ల్యాబుల్లో చేస్తారు. సీజను మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చేయిస్తే మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. రోజూ మందు కొట్టే పని మీదే బతికేవాళ్ళకి ఇది తప్పనిసరి అంటాను.

ఇప్పుడు మాస్కు. షాపుల్లో పది రూపాయలకిచ్చే పల్చటి సర్జికల్ మాస్కు గాని, మూతికి కట్టుకునే తువ్వాలు గాని మందు ఆవిరిని ఆపవు. పైగా తువ్వాలు తడిసిందంటే ముక్కు మీద మందు పట్టీ వేసుకున్నట్టే. కొనాలనుకుంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (మందు ఆవిరిని పట్టేసే డబ్బీ) ఉన్న సగం ముఖం మాస్కు కొనండి. పొడి మందులు కలిపేటప్పుడు ఎన్95 పనికొస్తుంది. అయితే ఆరుబయట పంపు కొట్టే మనిషి ఒంట్లోకి మందు ఎక్కువగా వెళ్ళేది ముక్కులోంచి కాదు, చర్మంలోంచి. ఈ ఒక్క విషయం తలకెక్కితే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

చర్మం అంతా ఒకేలా పీల్చదు. అమెరికాలో మైబాక్ బృందం మనుషుల మీదే పారాథియాన్ అనే ఆర్గానోఫాస్ఫేట్ మందు పూసి చూసి 1971లో లెక్కలు ప్రచురించింది. ముంజేతి చర్మం పీల్చేదాన్ని ఒక వంతు అనుకుంటే, నుదురు, మాడు సుమారు నాలుగు వంతులు, చంక ఏడు వంతులకు పైగా, వృషణాల చర్మం పన్నెండు వంతుల దాకా పీలుస్తాయి. ఇప్పుడు మన చేలో సీను గుర్తు తెచ్చుకోండి. పంపు మూత దగ్గర వాషరు అరిగిపోయి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా చుక్క చుక్క కారి వీపు తడుస్తుంది, నడుం తడుస్తుంది, లుంగీయో నిక్కరో తొడల మధ్య తడిసిపోతుంది. ఆ తడి బట్టతోనే నాలుగైదు గంటలు. ఇక్కడ మాస్కు ఏం చేస్తుంది? ముప్పై నలభై రూపాయల వాషర్ల సెట్టు దానికంటే ఎక్కువ పని చేస్తుంది. పంపులో మందు పోసేముందు మంచినీళ్ళు పోసి, వీపు మీద పెట్టి ఒక సాలు నడిపించండి. చొక్కా తడిసిందంటే ఆ పంపు ఆ రోజు చేనులోకి దిగకూడదు. బ్యాటరీ పంపైనా, ఇంజనుతో నడిచే తైవాన్ పంపైనా ఇంతే. తైవాన్ పంపుకి ఒత్తిడి ఎక్కువ కాబట్టి పైపు జాయింట్ల దగ్గర చిమ్మితే ఏకంగా ముఖం మీదే పడుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైన చోటు చేను మధ్య కాదు, గట్టు మీద మందు కలిపే డ్రమ్ము దగ్గర. పంపులో ఉన్నది లీటరుకు రెండు మిల్లీలీటర్లు కలిపిన నీళ్ళు, సీసాలో ఉన్నది అసలు మందు. బలంలో తేడా వందల రెట్లు. కానీ జాగ్రత్త లేనిది అక్కడే. సీసా మూత కింద రేకు సీలు ఉంటుంది చూశారా, దాన్ని వేలిగోటితో, కొందరైతే పంటితో చించుతారు. మందు మూతతో కొలిచి పోస్తారు, మూత అంచు మీది చుక్కలు వేళ్ళ మీద కారతాయి. పుల్ల దొరక్కపోతే మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతారు. ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటారు, ఆ చేత్తోనే బీడీ. ఇదంతా చేసేది చాలాచోట్ల ఆడవాళ్ళు. మగాయన పంపు మోస్తాడు, ఆవిడ నీళ్ళు మోసి, మందు కలిపి, ట్యాంకు నింపుతుంది. "ఆవిడ మందు కొట్టట్లేదుగా" అనుకుని ఆవిడకి చేతి తొడుగులు కూడా ఇవ్వరు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి గ్రామాల్లో ఆడ రైతులతోనే తమ లక్షణాలు, తమ ఇంటి మగవాళ్ళ లక్షణాలు రాయించి ఒక అధ్యయనం చేశారు. మందు కలిపి, ట్యాంకులు నింపే ఆడవాళ్ళకి ముప్పు పంపు కొట్టే మగవాళ్ళతో సమానంగా ఉందని అందులో తేలింది. పేద రైతులకే విషప్రభావం తీవ్రంగా ఉందని కూడా అదే చెప్పింది.

కాబట్టి మీ దగ్గర ఉన్న డబ్బులు ముందు డ్రమ్ము దగ్గర పెట్టండి. మందంగా, మోచేతి దాకా వచ్చే నైట్రైల్ (మందు ఇంకని ఒక రకం రబ్బరు) గ్లౌజులు రెండు జతలు కొనండి. నూలువి, తోలువి వద్దు, అవి మందు పీల్చుకుని చేతికే అంటిస్తాయి. కళ్ళద్దాలు, ముందు కట్టుకునే ప్లాస్టిక్ ఏప్రన్, కొలగ్లాసు, పొడవాటి కర్ర, ఒక సబ్బు, విడిగా ఒక క్యాను మంచినీళ్ళు కూడా ఉండాలి. ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు డ్రమ్ములోనే పోసి, సీసాకు చిల్లులు పెట్టెయ్యండి. లేకపోతే అది ఎవరింట్లోనో కిరసనాయిలు సీసా అవుతుంది, ఇంకా దారుణంగా పొలానికి తాగే నీళ్ళు తెచ్చుకునే సీసా అవుతుంది. గుళికలు ఇసుకలో కలిపి చల్లేవాళ్ళకీ గ్లౌజులు ఉండాలి. కార్బోఫ్యూరాన్ గుళికలు ఎర్ర త్రికోణం మందు, అంటే అతి విషం, చూడ్డానికి పొడిగా ఉంటాయి కాబట్టి ఎవరూ భయపడరు.

పంపు మోసేవాడికి ఫుల్ చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు, టోపీ, గమ్ బూట్లు. ప్యాంటు బూటు బయటికి వేలాడాలి, లోపలికి దోపితే కారింది కారినట్టు బూటులో చేరి పాదం నానుతుంది. ఈ తప్పు దాదాపు అందరూ చేస్తారు. మందు కిందికి కొడుతుంటే గ్లౌజు మీదికి చొక్కా చెయ్యి రావాలి, తల పైకెత్తి కొట్టాల్సి వస్తే చొక్కా మీదికి గ్లౌజు. నోటితో నాజిల్ ఊదడం మాత్రం ఎంత చెప్పినా మానరు. నాజిల్ మూసుకుపోతే సాలు మధ్యలో ఆగి, విప్పి, నోట్లో పెట్టుకుని ఊదుతారు. "వద్దు" అని చెప్తే పని జరగదు. జేబులో రెండు అదనపు నాజిళ్ళు, ఒక పాత టూత్‌బ్రష్ పెట్టి పంపండి. మూసుకుపోయింది తీసి కొత్తది పెట్టుకుంటాడు, ఊదాల్సిన అవసరమే రాదు. నీళ్ళు వడకట్టి పోస్తే అసలు మూసుకుపోదు కూడా.

నలభై డిగ్రీల ఎండలో ఇవన్నీ వేసుకుని ఎవడు కొడతాడు అని మీరు అడుగుతారు. నిజమే, కొట్టలేడు. పొద్దున పది దాటాక ఈ రక్షణ సామాను ఏదీ ఒంటి మీద ఉండదు, ఉండమనడం కూడా న్యాయం కాదు. అందుకే పొద్దున్నే ఎండ ముదరకముందు, లేకపోతే సాయంత్రం గాలి తగ్గాక కొట్టించాలి. గాలికి ఎదురుగా నడవకూడదు, తడి మొక్కల్లోకి తిరిగి అడుగు పెట్టకూడదు. కొట్టిన వైపు నుంచి కొట్టని వైపుకి జరుగుతూ పోవాలి. ఈ మధ్య 'కిసాన్ కవచ్' అని పురుగుమందును బట్టలోనే విరిచేసే సూటు వచ్చింది. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థ తయారు చేసింది, 2024 డిసెంబరులో కేంద్రం విడుదల చేసింది. ధర నాలుగు వేలు చెప్పారు, ఉతికి చాలాసార్లు వాడుకోవచ్చు. ఏడాది పొడుగునా మందు కొట్టే మనిషికి పెట్టదగ్గ ఖర్చే. కాకపోతే అది వచ్చిందని కారే పంపు వీపుకి ఎక్కించకండి.

పంట ఎత్తు గురించి ఒక మాట. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. అది మన ఆదిలాబాద్ పక్కనే. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది. చేను మధ్యలో నిలబడి ముఖం ఎత్తున, తల పైకి కొట్టాల్సి వచ్చింది. పురుగు ఆగట్లేదని రెండు మూడు మందులు కలిపి కొట్టారు. ఉక్కపోత, ఒంటి మీద చొక్కా ఉన్నా లేనట్టే. ఈ అన్నిటిలో ఏ ఒక్కటీ మన దగ్గర లేదని చెప్పగలరా? పత్తి భుజం ఎత్తు దాటితే లోపలికి మనిషిని దింపకండి. పంట అంత ఎత్తు పెరగకుండా తలలు తుంచడం, సాళ్ళు ఎడంగా పెట్టడం జూన్‌లోనే ఆలోచించాల్సిన పని.

ఇక మందుల షాపు. ఏ మందు కొట్టాలో తేల్చేది అక్కడే, దాన్ని ఒంటి మీద వేసుకునేది కూలీ. 2021లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి గుంటూరు, ఖమ్మం రైతులు ఏదిస్తే అది కొట్టారు, నాలుగైదు సీసాలు ఒకే డ్రమ్ములో గుమ్మరించారు. పురుగు పోయిందో లేదో గాని మనుషులు పడ్డారు. మందులు కలిపి కొడితే విషం కూడా కలుస్తుంది. రెండూ ఆర్గానోఫాస్ఫేట్లే అయితే ఒకే ఎంజైము మీద రెండు దెబ్బలు. ఆసుపత్రికి తీసుకెళ్ళినా డాక్టరుకి ఏం ఇవ్వాలో అంతుపట్టదు. సీసా మీద త్రికోణం చూడండి. ఎరుపు అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఉదాహరణకి గొంగళి పురుగులకి క్లోరాంట్రానిలిప్రోల్ ఆకుపచ్చ త్రికోణం మందు. అదే పురుగుకి పసుపు త్రికోణం మందు కొట్టించాల్సిన పనేంటి? ధర ఎక్కువే, నిజమే. కానీ ఎన్నిసార్లు కొట్టించాల్సి వస్తుందో, కూలి ఎంతో కలిపి లెక్కేసి చూడండి. మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్‌ని (ద్రవరూపంలో అమ్మే రకం) ఆపేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ 2020 చివరికే నిషేధం. ఎవరి షెడ్డులోనైనా పాత డబ్బాలుంటే కూలీ చేత కొట్టించి "ఖాళీ చెయ్యడం" నేరం. గడ్డిమందు పారాక్వాట్‌కి విరుగుడే లేదు. గుక్కెడు కడుపులోకి పోయినా ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోతారు. పంపు కారి ఆ మందు పుండు మీద, పగుళ్ళ మీద గంటలు గంటలు నానినా ప్రాణాల మీదికి రావచ్చు.

ఖమ్మం జిల్లాలోనే పునుకుల అనే ఊరు ఇరవై ఏళ్ళ కిందటే వేపగింజల కషాయం, పురుగును తమవైపు లాగే ఎర పంటలు, మగ పురుగుల్ని వాసనతో పట్టే లింగాకర్షక బుట్టలతో పత్తి పండించి పురుగుమందు మానేసింది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. మీ ఆరెకరాల్లో ఒక ఎకరం అలా చేసి చూడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మిరప కోతకి వచ్చే ఆడకూలీల సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తాను. నిన్న సాయంత్రం మందు కొట్టి ఇవాళ పొద్దున్నే కోతకి పిలవడం అలవాటైపోయింది. మంచు తడికి ఆకు మీది మందు మళ్ళీ కరిగి చేతులకి, చీర కుచ్చిళ్ళకి అంటుతుంది. అమెరికాలో పొలం కూలీల రక్షణ నిబంధనల ప్రకారం బాగా విషమైన మందు కొట్టిన చేలో సాధారణంగా 48 గంటలు, దాని తర్వాతి రకానికి 24 గంటలు ఎవరూ పనికి దిగకూడదు. మనం కూడా కనీసం అదే పాటించవచ్చు. మేస్త్రీకి ముందు రోజే చెప్పండి, గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతండి. చెట్టుకింద ఉయ్యాల వేసి చంటిపిల్లను పడుకోబెట్టే చోటు మందు గాలి వచ్చే వైపు కాకుండా చూడండి. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను మందు పని దగ్గరికే రానివ్వకండి.

ఇంటికెళ్ళాక ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకూడదు. విడిగా సబ్బుతో ఉతికి, ఎండలో ఆరెయ్యాలి. మందు పని అయ్యాక కల్లో సారానో తాగితే "వేడి తగ్గుతుంది" అన్నది పెద్ద అబద్ధం. మత్తులో అసలు లక్షణాలు తెలియవు, ఇంట్లోవాళ్ళు తాగి పడుకున్నాడనుకుంటారు.

లక్షణాల దగ్గర ఒక చిక్కు ఉంది. వడదెబ్బకీ, మందు ఎక్కినదానికీ తలనొప్పి, తల తిరగడం, వాంతులు రెండిటికీ ఉంటాయి. వడదెబ్బకి నోరు ఎండిపోతుంది. ఆర్గానోఫాస్ఫేట్‌కి నోరు ఊరుతుంది, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, కనురెప్పలో, నాలుకలో, పిక్కలో కండరం దానంతటదే అదురుతుంది. సెల్‌ఫోను లైటు వేసి కంటిపాప చూడండి. అనుమానం ఉన్నా ఆలస్యం చెయ్యకండి. చేనులోంచి గాలి తగిలే చోటికి తేవాలి. బట్టలన్నీ విప్పి, మీరు గ్లౌజు వేసుకుని, సబ్బుతో తల నుంచి కడగాలి. గోళ్ళ సందులు, చెవుల వెనక, తొడల మధ్య మర్చిపోవద్దు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించొద్దు. పాలు విరుగుడు కాదు, మజ్జిగా కాదు, చింతపండు పులుసూ కాదు. స్పృహ తప్పినవాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, సీసాతో సహా తీసుకెళ్ళండి. సీసా మీద పేరు, లేబులు ఉంటే డాక్టరు పని సగం తేలిక. ఆర్గానోఫాస్ఫేట్‌కి అట్రోపిన్ ఇంజెక్షను పీహెచ్‌సీలో కూడా మొదలుపెట్టవచ్చు. డాక్టరుకి సందేహమైతే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117.

ఇంకొకటి, చాలామంది దీని దగ్గరే పోతారు. మొదటిరోజు బాగయ్యాడని డిశ్చార్జి చేయించుకుని తెచ్చేస్తారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలబడకపోవడం, దిండు మీంచి తల ఎత్తలేకపోవడం, తర్వాత ఊపిరి కండరాలు పనిచెయ్యకపోవడం జరగవచ్చు. డాక్టరు ఉండమన్నన్ని రోజులు ఉండనివ్వండి. మీ కుర్రాడిని కూడా ఈ నాలుగు రోజులూ ఒంటరిగా పడుకోనివ్వకండి. మెడ బరువనిపించినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి.

కూలి ఇచ్చే పద్ధతి కూడా ఇందులో భాగమే. ట్యాంకుకు ఇంత అని ఇస్తే అతను వాషరు చూడడు, గ్లౌజు వెతకడు, గాలి మారినా ఆగడు, ఎందుకంటే ఆగితే డబ్బు పోతుంది. మందు కొట్టే రోజు రోజుకూలి ఇవ్వండి, సబ్బుతో స్నానం చేసే అరగంట కూడా ఆ కూలిలోదే. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే మందు పని చేసేవాళ్ళకి రక్షణ దుస్తులు, వైద్య పరీక్షలు, శిక్షణ ఉండాలని రాసి ఉంది. చదివినవాళ్ళు తక్కువ, అడిగినవాళ్ళు ఇంకా తక్కువ. తెలంగాణలో రైతు బీమా పట్టా ఉన్న రైతుకే వర్తిస్తుంది, అతని చేలో మందు కొట్టి చనిపోయిన భూమిలేని కూలీకి కాదు. కాబట్టి ఏదైనా జరిగితే మందు బిల్లు, సీసా, ఆసుపత్రి కాగితాలు దాచండి. ఆసుపత్రిలో "పురుగుమందు తాగాడు" అని రాయకుండా "మందు కొడుతుండగా" అని స్పష్టంగా రాయించండి. ఆ ఒక్క మాట తేడాతో పోలీసు కేసు, పరిహారం రెండూ మారిపోతాయి.

డ్రోన్ విషయానికొస్తే, పత్తి మనిషెత్తు పెరిగిన చేలకి అది నిజంగా మేలు. మనిషి తడి మొక్కల్లో నడవడు. కాకపోతే ఎకరానికి పది లీటర్ల నీళ్ళే వాడతారు కాబట్టి ట్యాంకులో మందు పంపులో కంటే చాలా చిక్కగా ఉంటుంది, పక్క చేలో పనిచేసేవాళ్ళ మీదికి గాలికి కొట్టుకుపోతుంది. ట్యాంకు నింపేది మళ్ళీ మనిషే. డ్రోన్ కుర్రాళ్ళు వచ్చిన రోజు పక్క చేలవాళ్ళకి ముందే చెప్పి, నింపే అబ్బాయికి గ్లౌజులు, కళ్ళద్దాలు ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడే ఎగరనివ్వండి.